కిటికీ గట్టు మీద బుగ్గి

జ్ఞానాపురంలో మా ఇంటి కిటికీ గట్టు
పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి నలుపు.
రేవులో బొగ్గు దింపే చోట నా పని.
అందుకే
ఎనిమిది నెలల తన్మయి
మూడు వారాలుగా దగ్గుతుంటే
ఎవరూ వేలు చూపకముందే
నేరం ఒప్పేసుకున్నాను.

వీధి కుళాయి దగ్గరే చొక్కా విప్పేవాడిని.
గోళ్ల సందులు పుల్లతో గీకి
చెవుల్లో, కనుబొమల్లో
వెతికి వెతికి కడిగి
తీరా ఎత్తుకోబోయి
చేతులు వెనక్కి తీసుకునేవాడిని.
అది నా వైపు వాలి
నవ్వబోయి
దగ్గేది.

అంత చిన్న ఒంట్లో పట్టే దగ్గు కాదది.
పక్కటెముకలు బుట్ట అల్లికలా తేలి
కాళ్లు రెండూ పొట్టలోకి ముడుచుకుని
తాగిన పాలు తాగినట్టే
గౌరీశ్వరి భుజం మీద.

సాంబ్రాణి పొగ చాల్లేదంది అమ్మ.
"ఓలమ్మ, ఆ పొగే గుంటని సంపేస్తంది, ఆపీండి ముందు"
అంది పక్కింటి గవరమ్మ,
దోమల చుట్ట వెలిగించుకొచ్చి
మా గుమ్మంలోనే కూర్చుని.
మందుల షాపు కుర్రాడు వయసడక్కుండా సిరప్ ఇచ్చాడు.
ఒకరు తేనె నాకించమన్నారు.
ఒకరు కోరింత దగ్గు, గాడిదపాలు పట్టమన్నారు.
మామయ్య, ఏసీ కట్టెయ్యమన్నాడు.
మా ఇంట్లో ఏసీ లేదన్నా వినలేదు.

నూకరత్నం మాత్రం ఏమీ అనలేదు.
గౌరీశ్వరి చెల్లెలు.
చేపలరేవు దగ్గర రొయ్యలు వొలిచే షెడ్డులో పని.
రాత్రిళ్లు అక్క కాస్త నడుం వాల్చాలని
బిడ్డని గుండెల మీద బోర్లా వేసుకుని
పాట కాని పాటేదో గొణిగేది.
మధ్యలో పాట ఆగేది.
కొంగు నోట్లో కుక్కుకునేదేమో,
చీకట్లో నేను చూడలేదు.
చూడలేదనే అనుకుంటున్నాను ఇప్పటికీ.

కేజీహెచ్‌లో పిల్లల ఓపీ.
డాక్టరమ్మ స్టెతస్కోపుని అరచేతిలో వెచ్చబెట్టి
వీపుకి ఆనించి
అడగడం మొదలెట్టింది.
పాలు తాగాక ఎక్కువా? పడుకోబెడితే ఎక్కువా?
దగ్గి దగ్గి ఊపిరి లాగేటప్పుడు కూతొస్తోందా?
టీకాల కార్డేది?
ఉన్నట్టుండి మొదలైందా? పల్లీ గింజ, పూస
ఏదైనా నోట్లో పెట్టుకుందా?
ఇంట్లో ఎవరైనా చుట్ట, బీడీ?
పోయిన నెలకంటే బరువు తగ్గిందేంటి?
తేనె మాట వినగానే పెన్ను ఆపి
ఏడాది నిండేదాకా వద్దే వద్దంది.

ఉండబట్టలేక చెప్పేశాను:
"మేడమ్, నాది బొగ్గు పని."
రాసుకుంది. తలెత్తలేదు.
"ఇంట్లో ఇంకెవరికైనా దగ్గుందా?"

లేదన్నాను.
లేదంది గౌరీశ్వరి.
"మా ఇంటావంటా అలాంటి జబ్బుల్లేవమ్మా" అంది అమ్మ,
అడగని జబ్బుకి కూడా జవాబు చెబుతూ.

గోడకానుకున్న నూకరత్నం
నోటి మీంచి కొంగు తీసింది.
"నాకున్నాది డాక్టరమ్మా.
రెండు నెల్లయినాది.
సెప్తే పిల్లనెత్తుకోనివ్వరని
సెప్పనేదు."

తర్వాత ఎక్స్‌రేలు,
పరగడుపున బిడ్డ ముక్కులోంచి సన్నని గొట్టం,
నా మెడ పట్టుకుని అది ఏడ్చిన ఏడుపు.
చివరికి ఒకే చీటీ మీద
పిన్ని పేరూ పిల్ల పేరూ.
ఆర్నెల్లు, ఒక్క రోజు తప్పకూడదు.
ఈసారికి బొగ్గు కాదులెండి, అంది డాక్టరమ్మ.
ఈసారికి అన్న మాటని
కాస్త ఒత్తి పలికింది.

నూకరత్నం మేడ మీద రేకుల గదికి మారింది.
మాస్కు పెట్టుకుని పిట్టగోడ దగ్గర నిలబడి
కిందికి పాడుతుంది, గొణగడం మానేసి, వీధంతా వినేలా.
తన్మయి పైకి చూసి చేతులు చాస్తుంది.
అమ్మ మొహం తిప్పుకుంటుంది,
కానీ కోడిగుడ్డు ఉడకబెట్టి పైకి పంపేది అమ్మే.

బిడ్డకి బిళ్ల నీళ్లలో కరిగించి పట్టాక
కిటికీ గట్టు మీది బుగ్గిలో
వేలితో గీత గీస్తాను.
తెల్లారేసరికి రేవు గాలి
గీతని పూడ్చేస్తుంది.
నిన్నెన్నో, నేడెన్నో
వేలెత్తి ఆలోచిస్తుంటే
పైనుంచి కేక:
"ముప్పయ్యొకటి, బావా!"